పఫ్ స్ప్రే పని: అడుగుల్లో అమ్ముతాం, కిలోల్లో కొంటాం

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది మళ్లీ ఒకసారి చెబుతాను, చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. లోన్ మీద స్ప్రే మిషన్ కొని ఎనిమిది నెలలైంది. గోడౌన్లకి, కోళ్ల షెడ్లకి రూఫ్ షీటు కింద 50 ఎం.ఎం. మందం పఫ్, అంటే వేడిని ఆపే పాలియురేథేన్ ఫోమ్, కొడుతున్నావు. చదరపు అడుగుకి (మనం అడుగు అనేది దీన్నే) 85 రూపాయలు తీసుకుంటున్నావు. కెమికల్ 45 రూపాయలు దాటదని నీ లెక్క. అంటే అడుగుకి 40 రూపాయలు మిగలాలి. పని ఆగకుండా దొరుకుతోంది, కానీ నెలాఖరుకి మనుషుల జీతాలకి అప్పు తెస్తున్నావు. ఇప్పుడొక గోడౌన్ ఓనరు 40,000 అడుగుల పని 78కి చెయ్యమంటున్నాడు. రేటు తగ్గించి పెద్ద పనులు పట్టుకుంటే గట్టెక్కుతానా అని అడిగావు.

నేను ఈ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. మొదటి మూడేళ్లు నాదీ ఇదే కథ. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నీకు వివరంగా చెబుతాను. నువ్వు రాసిన వివరాల్లో కొన్ని అంకెలు లేవు. వాటి చోట మామూలుగా ఉండే అంకెలు పెట్టి లెక్క వేస్తున్నాను, నువ్వు నీ బిల్లులు చూసి మార్చుకో.

ముందు ఆ 45 రూపాయలు ఎక్కడ నుంచి వచ్చాయో చూద్దాం. ఒక చదరపు అడుగు అంటే 0.093 చదరపు మీటరు. 50 ఎం.ఎం. మందం అంటే 0.05 మీటరు. రెండూ గుణిస్తే 0.00465 ఘనపు మీటరు. డెన్సిటీ 42 అనుకుంటే, అంటే ఘనపు మీటరుకి 42 కిలోలైతే, అడుగు ఫోమ్ బరువు 195 గ్రాములు. కెమికల్ సైట్‌కి చేరేసరికి కిలో 230 పడిందనుకో, 45 రూపాయలు. కెమికల్ అమ్మేవాళ్లు కూడా ఇదే లెక్క చూపిస్తారు. లెక్కలో తప్పు లేదు. కానీ అది చదునుగా ఉన్న అద్దం మీద, గాలి లేని గదిలో, ఒక్క చుక్క కింద పడకుండా, ఎక్కడ చూసినా సరిగ్గా 50 ఎం.ఎం. ఉండేలా కొడితే వచ్చే లెక్క. అలాంటి సైట్ నేను ఇంతవరకు చూడలేదు.

నీ సైట్‌లో నిజంగా ఎంత పడుతోందో తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, డ్రమ్ములు లెక్కపెడితే చాలు. ఐసో (ఐసోసయనేట్), పాలియాల్ అనే రెండు ద్రవాలు గన్ దగ్గర కలిస్తేనే ఫోమ్. ఐసో డ్రమ్ము 250 కిలోలు ఉంటుంది, పాలియాల్ డ్రమ్ము 220 కిలోల చుట్టూ ఉంటుంది. జత కలిపి 470 కిలోలు. 195 గ్రాముల లెక్క నిజమైతే ఒక జత డ్రమ్ములకి 2,400 అడుగులు పూర్తవ్వాలి. నీ గత మూడు సైట్ల బిల్లులు తీసి, బిల్లు చేసిన అడుగుల్ని వాడిన జతలతో భాగించు. షీటు కింద పనైతే జతకి 1,700 నుంచి 1,800 మధ్య వస్తుందని నా అంచనా. 1,740 అడుగులు వచ్చాయంటే అడుగుకి 270 గ్రాములు పడుతున్నట్టు. అంటే 45 కాదు, 62 రూపాయలు. ఆ 17 రూపాయల తేడా దగ్గరే నీ లాభం పోతోంది.

ఆ 75 గ్రాములు ఎక్కడికి పోతున్నాయి? మూడు చోట్లకి పోతున్నాయి. మొదటిదే అన్నిటికంటే పెద్దది.

రూఫ్ షీటు చదునుగా ఉండదు, గట్లూ లోయలూ ఉంటాయి. నువ్వు కింద నిలబడి టేపుతో పొడవు వెడల్పు కొలిచి బిల్లు చేస్తున్నావు. గన్ మాత్రం ప్రతి గట్టు లోపలికీ వెళ్లి కొడుతోంది. ఈసారి సైట్‌కి వెళ్లినప్పుడు ఒక దారం ఉండ తీసుకెళ్లు. ఒక షీటు అడ్డంగా, గట్టు ఎక్కిన చోట ఎక్కుతూ, దిగిన చోట దిగుతూ, దారాన్ని షీటుకి ఆనించి వేలితో నొక్కుకుంటూ వెళ్లు. తర్వాత ఆ దారం తీసి నేల మీద సాగదీసి కొలువు. మీటరు వెడల్పు షీటుకి దారం మీటరుకి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. గట్టు ఎత్తు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. నేను 1.18 అని పెట్టుకుంటాను. అంటే నువ్వు 100 అడుగులకి డబ్బు తీసుకుని 118 అడుగులు కొడుతున్నావు. పర్లిన్ల (షీటుని మోసే అడ్డ కమ్మీల) చుట్టూ కూడా కొట్టమన్నారా, ఆ అడుగులు వేరు. 195ని 1.18తో గుణించు, 230 గ్రాములు.

రెండోది మందం. వర్క్ ఆర్డర్‌లో ఏం రాశారో ఒకసారి చదువు. ‘సగటున 50’ అని ఉందా, ‘కనీసం 50’ అని ఉందా? ఈ ఒక్క మాట నీ కెమికల్ ఖర్చుని మార్చేస్తుంది. స్ప్రే చేసిన ఫోమ్ నున్నగా రాదు, ఎగుడుదిగుడుగానే వస్తుంది. ఎక్కడ గుచ్చినా 50కి తగ్గకూడదంటే మంచి స్ప్రేయర్ కూడా సగటున 56, 57 కొట్టాల్సి వస్తుంది.

షాద్‌నగర్ దగ్గర ఒక గోడౌన్‌లో నాకు ఇది బాగా తెలిసొచ్చింది. పని అయిపోయింది, మనుషులు హోస్ చుట్టేస్తున్నారు. కన్సల్టెంట్ తరఫు ఇంజినీరు సిజర్ లిఫ్ట్ ఎక్కి, గీతలున్న సన్నని సూది పట్టుకుని 40 చోట్ల గుచ్చాడు. 34 చోట్ల 50 పైనే ఉంది. ఆరు చోట్ల 44, 46 అలా వచ్చింది. అతను కాగితం తిప్పి ‘కనీసం 50’ అన్న లైను కింద వేలు పెట్టి చూపించాడు. నేనేం మాట్లాడగలను? ఆ ఆరు పాయింట్లు ఉన్న బేలన్నిటికీ (స్తంభాల వరసల మధ్య భాగాలన్నిటికీ), సుమారు 9,000 అడుగులకి, ఇంకో పలుచని కోటు కొట్టాల్సి వచ్చింది. మిషన్ మళ్లీ ఎక్కించి, లిఫ్ట్ అద్దె మళ్లీ కట్టి. అప్పటి నుంచి నా కొటేషన్‌లో ఒకటే మాట: సగటు 50, ఎక్కడా 45కి తగ్గదు, పాయింట్లు ఎలా ఎంచాలో ముందే ఇద్దరం ఒప్పుకుంటాం. కాదు, కనీసం 50 కావాల్సిందే అంటే అలాగే రాసుకుంటాను, రేటు మాత్రం 57 ఎం.ఎం.కి వేస్తాను. టెండరు పనుల్లో ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 12432 మూడో భాగం ప్రకారం అని రాస్తారు, స్ప్రే పనికి అదే కోడ్. దాన్ని ఒకసారి తెప్పించుకుని చదువు. ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు ధైర్యం వస్తుంది.

‘సగటు’ అని ఉన్నా, చెయ్యి కుదిరిన మనిషి కూడా ఏడెనిమిది శాతం ఎక్కువే కొడతాడు. 230 కాస్తా 249 గ్రాములు అవుతుంది.

మూడోది వేస్ట్, డెన్సిటీ. గాలికి పోయేది, ప్లాస్టిక్ కవర్ల మీద పడేది, పొద్దున మిషన్ మొదలుపెట్టినప్పుడు రెండు ద్రవాలు సరైన పాళ్లలో కలుస్తున్నాయా అని చూడటానికి కొట్టి పారేసేది, డ్రమ్ము అడుగున మిగిలేది. ఇంకో ఎనిమిది శాతం అనుకో. 270 గ్రాములకి చేరుకున్నాం.

డెన్సిటీ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇది కంటికి కనపడదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. సైట్‌లో కొట్టిన ఫోమ్ నుంచి పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఐదు మందం ముక్క చాకుతో కోసి తీసుకో. అది 500 సి.సి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టు. 21 గ్రాములు చూపిస్తే డెన్సిటీ 42. 25 చూపిస్తే 50. ఆ నాలుగు గ్రాములే కదా అనుకోకు. అడుగుకి లెక్క కడితే వేస్ట్ కలపకుండానే 37 గ్రాములు, ఎనిమిదిన్నర రూపాయలు. కస్టమరు దానికి పైసా ఇవ్వడు. కోసిన చోట మళ్లీ గన్‌తో పూడ్చెయ్.

డెన్సిటీ ఎందుకు పెరుగుతుందంటే, ఎక్కువసార్లు చలి వల్ల. డిసెంబర్, జనవరిలో పొద్దున ఏడింటికి షీటు మంచు ముక్కలా ఉంటుంది. మొదటి కోటు వేడి అంతా షీటు లాగేసుకుంటుంది, ఫోమ్ పొంగదు. పొంగలేదని స్ప్రేయర్ ఇంకో కోటు వేస్తాడు. దానికి తోడు షీటు మీద తేమ ఉంటే ఐసో నీటితో కలిసి ఫోమ్ షీటుని పట్టుకోదు, నాలుగు నెలల తర్వాత పెచ్చులుగా ఊడిపోతుంది. అందుకే చలికాలంలో నా మనుషులు పొద్దున అరచేత్తో షీటు తుడిచి చూస్తారు. చెయ్యి తడిస్తే మిషన్ ఆన్ చెయ్యరు. తొమ్మిదిన్నర అయినా సరే, పది అయినా సరే. డ్రమ్ములకి బెల్టు హీటర్లు కట్టడం, హోస్ వేడి సరిచూసుకోవడం, ఇవన్నీ ఖర్చులు కావు. ఇవి చెయ్యకపోవడమే ఖర్చు. పలచ పలచగా ఐదారు కోట్లు కొట్టే అలవాటు ఉన్నా డెన్సిటీ పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి కోటు పైన గట్టి పొర ఏర్పడుతుంది. అలాగని ఒకేసారి 50 కొట్టకు, లోపల వేడి చిక్కుకుని ఫోమ్ మాడుతుంది, కుంచించుకుపోతుంది. 20, 25 ఎం.ఎం. చొప్పున రెండు మూడు కోట్లు సరిపోతాయి.

ఇంకో మాట. పాత స్ప్రేయర్లు ‘జతకి ఇన్ని అడుగులు వచ్చేవి’ అని చెప్పే లెక్కలు చాలావరకు 141బీ (ఫోమ్‌ని పొంగించే గ్యాస్) రోజులవి. ఓజోన్ పొరని దెబ్బతీస్తుందని మన దేశంలో ఫోమ్ తయారీలో దాని వాడకం 2020 జనవరి 1 నుంచి ఆగిపోయింది. ఇప్పుడు వస్తున్న పాలియాల్ వేరు, పొంగే తీరు వేరు. కంపెనీ మారిస్తే నీ యీల్డ్, అంటే జతకి వచ్చే అడుగులు, కూడా మారుతుంది. కిలోకి ఐదు రూపాయలు తక్కువ అని కొత్త కెమికల్ తీసుకునే ముందు ఒక జత డ్రమ్ములు కొట్టి, అడుగులు లెక్కపెట్టి, అప్పుడు చెప్పు ఏది చవకో.

సరే, కెమికల్ 62 రూపాయలు. ఇక మిగతా ఖర్చు. ఇక్కడ నువ్వు చేస్తున్న పొరపాటు, నెల ఖర్చుని 30 రోజులతో భాగించడం. మన మిషన్ 30 రోజులు కొట్టదు. వానలు, ఆదివారాలు, ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి మార్పు, ‘ఇంకా షీటు బిగించలేదు, ఎల్లుండి రండి’ అనే ఫోన్లు, గన్ జామ్ అయ్యి పార్టుల కోసం ఎదురుచూసిన రోజులు, అన్నీ తీసేస్తే ఏడాదిలో నిజంగా స్ప్రే చేసేది 120 రోజులు. నాది డైరీలో రాసిపెట్టుకుంటాను కాబట్టి చెబుతున్నాను, 140 దాటిన సంవత్సరం అరుదు.

నీ నెల ఖర్చు ఇలా అనుకుందాం. మిషన్ ఈఎంఐ 42,000. స్ప్రేయర్, అతని అసిస్టెంటు, ఇద్దరు హెల్పర్లు కలిపి 93,000. గోడౌన్ అద్దె 12,000. బండి కిస్తీ, ఇన్సూరెన్స్ 15,000. ఆడిటరు, ఫోన్లు, చిల్లర 8,000. నీ జీతం 50,000. నీ జీతం నువ్వు రాసుకోలేదు కదా? రాయి. నువ్వు పొద్దున ఆరింటి నుంచి సైట్‌లో నిలబడుతున్నావు, ఆ పనికి ఇంకొకరిని పెడితే జీతం ఇవ్వాలి కదా. లాభం అనేది నీ జీతం తీసుకున్నాక మిగిలేది. మొత్తం 2,20,000. ఏడాదికి 26,40,000. 120తో భాగిస్తే స్ప్రే చేసే ప్రతి రోజు మీద 22,000 రూపాయల భారం ఉంది.

దానికి తోడు ఆ రోజు ఖర్చులు: జనరేటర్ డీజిల్, నలుగురి తిండి, లాడ్జి, రవాణా, మాస్కింగ్ ప్లాస్టిక్, సూట్లు, ఫిల్టర్లు, గన్ ఓ-రింగులు. 13,000 అనుకో. రోజుకి మొత్తం 35,000. షీటు కింద రోజుకి 1,800 అడుగులు లాగితే అడుగుకి 19 రూపాయల 40 పైసలు.

62, 19.40 కలిపితే 81.40. ఇంకా రెండు ఉన్నాయి. ఎక్కడో ఊడిన చోట మళ్లీ వెళ్లి సరిచెయ్యడానికి రూపాయిన్నర పైన. కెమికల్‌కి నువ్వు ముందే డబ్బు కడతావు, కస్టమరు రెండు నెలలకి ఇస్తాడు. నూటికి రూపాయిన్నర వడ్డీ అనుకున్నా 62 మీద రెండు నెలలకి దాదాపు రెండు రూపాయలు. అన్నీ కలిపితే 85.

నువ్వు తీసుకుంటున్నదీ 85. అందుకే నెలాఖరుకి ఏమీ మిగలట్లేదు. నీ దగ్గర ఎవరూ దొంగతనం చెయ్యట్లేదు, నీకు పని రాకపోవడమూ కాదు. రేటే నీ ఖర్చుకి సరిగ్గా సమానంగా ఉంది.

వంద రూపాయల బిల్లులో 15 మిగలాలనుకుంటే 85ని 0.85తో భాగించాలి. 85 మీద 15 శాతం వేస్తే 97.75 వస్తుంది, అది తప్పు. చాలామంది ఇలాగే వేసి, పదిహేను శాతం వేశాను కదా ఏమైంది అంటారు. భాగిస్తే 100 వస్తుంది. నీ రేటు 100 ఉండాలి.

‘మార్కెట్‌లో 100 ఎవరిస్తారు అన్నా?’ అంటావు. ఇక్కడే ఆ దారం ఉండ పనికొస్తుంది. 85ని 1.18తో గుణించి చూడు. 100 రూపాయల 30 పైసలు. అంటే నువ్వు రేటు ఒక్క పైసా పెంచకుండా, కొట్టిన అసలు ఉపరితలానికి బిల్లు చేస్తే చాలు. కొటేషన్‌లో ‘అడుగుకి 85, కొలత షీటు ప్రొఫైల్ వెంబడి’ అని రాయి. మొదటి రోజే కస్టమరు ఇంజినీరుని పిలిచి దారంతో కొలిచి చూపించి, ఆ 1.18ని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. పని మొదలవకముందు ఎవరూ గొడవ పడరు, కళ్ల ముందే కనపడుతుంది కాబట్టి. పని అయ్యాక అడిగితే మాత్రం ఎంత న్యాయమైనా ఎవరూ ఒప్పుకోరు. కాదు, ప్లాన్ కొలతకే (కింద టేపుతో కొలిచే పొడవు వెడల్పులకే) బిల్లు అంటే అప్పుడు 100 చెప్పు, ఎందుకో వివరించు.

చిన్న పనుల గురించి ఒక్క మాట. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక ఇంటి డాబా, 600 అడుగులు, అడిగితే నీ 85 రేటు చెప్పకు. మూడు గంటల పనైనా ఆ రోజంతా మిషన్ అక్కడే. 35,000 రోజు ఖర్చు, చదునైన స్లాబు కాబట్టి కెమికల్ అడుగుకి 52 చొప్పున 31,200. మొత్తం 66,200. అడుగుకి 110 నీ ఖర్చే. 130 తీసుకోవాలి, పైన వేసే కోటింగ్ వేరు. ఫోమ్ ఎండకి పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది, డాబా మీద కోటింగో కాంక్రీటు పొరో లేకుండా వదలకూడదు. ఆ ధర వింటే చాలామంది వద్దంటారు. వద్దంటే మంచిదే, అదే ఊళ్లో ఇంకో రెండు డాబాలు కుదిరినప్పుడు ఒకే రోజు చెయ్.

ఇక నీ అసలు ప్రశ్న, రేటు తగ్గించి ఎక్కువ పని పట్టుకోవడం. లెక్క చూడు. పని పెరిగి 120 రోజులు 150 అయ్యాయనుకుందాం. రోజు భారం 22,000 నుంచి 17,600కి దిగుతుంది. 4,400 మిగిలింది. 1,800 అడుగులతో భాగిస్తే అడుగుకి రెండున్నర రూపాయలు కూడా లేదు. దానికోసం నువ్వు తగ్గిస్తున్నది ఏడు రూపాయలు. మన పనిలో ఖర్చు ముప్పావు వంతు కెమికల్. అది పని పెరిగితే తగ్గదు, పని పెరిగినంతా పెరుగుతుంది. అద్దె భారం ఎక్కువగా ఉండే వ్యాపారాల్లో రేటు తగ్గించి గెలవొచ్చు, మనదాంట్లో కుదరదు. మరోవైపు చూడు: 120 రోజుల్లో 2,16,000 అడుగులు కొడితే కెమికల్ ఒక్కటే కోటి 34 లక్షలు. అందులో ఐదు శాతం ఆదా చేస్తే ఏడాదికి 6,70,000. రేటు గురించి బేరమాడే టైములో సగం నీ స్ప్రేయర్‌తో కూర్చో. అతని చేతిలోనే ఆ ఆరు లక్షల డెబ్భై వేలు ఉన్నాయి. నేను సైట్ అయ్యాక జతకి ఇన్ని అడుగులు దాటితే అడుగుకి ఇంత అని టీమ్‌కి బోనస్ ఇస్తాను, కానీ సూది పరీక్ష, కాటా పరీక్ష పాసైతేనే. లేదంటే పలచగా కొట్టేస్తారు.

డబ్బు చేతికి వచ్చే తీరు కూడా చెప్పాలి. రేటు ఎప్పుడూ ‘18 శాతం జీఎస్టీ అదనం’ అనే రాయి. బిల్లు కొట్టావంటే తర్వాతి నెల 20కి జీఎస్టీ కట్టాలి, కస్టమరు డబ్బు ఇచ్చాడా లేదా అని ఎవరూ అడగరు. అందుకే కొలతల మీద సంతకం అయ్యాకే బిల్లు పంపు. టీడీఎస్ నీ పేరు మీదైతే ఒక శాతం, కంపెనీ పేరు మీదైతే రెండు శాతం కోస్తారు, అది రిటర్న్‌లో తిరిగి వస్తుంది కానీ అప్పటిదాకా నీ చేతిలో ఉండదు. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది రిటెన్షన్. పది శాతం ఏడాది ఆపుతాం అంటారు. నీ లాభం పది శాతమే అయితే నీ లాభం మొత్తం ఏడాది పాటు వాళ్ల దగ్గరే ఉన్నట్టు. నేను ఐదు శాతం, ఆరు నెలలు దాటి ఒప్పుకోను. దానికి బదులు కెమికల్ విలువకి సరిపడా అడ్వాన్స్ అడుగుతాను. ‘మీ షీటు మీదకి వెళ్లే సరుకు ఇది, మీ డబ్బుతోనే కొంటాను’ అంటే చాలామంది అర్థం చేసుకుంటారు. ఐసో ఎక్కువగా దిగుమతి సరుకు, ధర నెలలోనే మారొచ్చు. కొటేషన్ మీద ‘15 రోజుల వరకే’ అని తప్పకుండా రాయి.

గాలి గురించి మర్చిపోకు. ఒకసారి ఒక ఫ్యాక్టరీ పైకప్పు మీద కొడుతున్నాం. మధ్యాహ్నం గాలి లేచింది. ఇంకో గంటలో అయిపోతుంది కదా అని ఆపలేదు, నేనే కొట్టమన్నాను. కింద పార్కింగ్‌లో ఉన్న కార్ల మీద కంటికి కనపడనంత సన్నగా ఫోమ్ తుంపర పడి ఎండిపోయింది. చేత్తో తడిమితే ఇసుక కాగితంలా తగిలింది. ఏడు కార్లు పాలిష్ చేయించాను. ఆ పనిలో మిగిలింది దాదాపు అంతా దానికే పోయింది. ఇప్పుడు బయట పనికి గాలి తెరల ఖర్చు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొటేషన్‌లోనే ఉంటాయి. 50 మీటర్ల లోపల బండ్లు ఉండకూడదని వర్క్ ఆర్డర్‌లో రాయించుకుంటాను.

ఇంకొకటి, దీని మీద బేరం లేదు. పోటీవాళ్లు తక్కువకి ఎలా చేస్తున్నారో చూడటానికి వాళ్ల సైట్‌కి వెళ్లు. గన్ పట్టుకున్న కుర్రాడి ముక్కుకి చేతిరుమాలు కట్టి ఉంటుంది. ఐసో ఆవిరికి ఒంట్లో ఒకసారి అలర్జీ మొదలైందంటే ఆస్తమా వస్తుంది, ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు, ఆ మనిషి మళ్లీ ఈ పనిలోకి రాలేడు. నా దగ్గర పని నేర్చుకున్న ఒకతనికి అలాగే అయింది. ఇప్పుడు నా దగ్గరే స్టోర్ చూసుకుంటున్నాడు, డ్రమ్ము మూత తీసేటప్పుడు బయటికి వెళ్లిపోతాడు. స్ప్రేయర్‌కి బయటి గాలి అందే ఫుల్ మాస్కు, హెల్పర్లకి సరైన కార్ట్రిడ్జ్ మాస్కులు, ఈఎస్ఐ, ఇవన్నీ ఆ 13,000లోనూ జీతాల్లోనూ ఉండాల్సిందే. ఇవి తీసేస్తే రెండు రూపాయలు రేటు తగ్గించొచ్చు. ఆ రెండు రూపాయలు నీ స్ప్రేయర్ ఊపిరితిత్తుల నుంచి తీసుకున్నట్టే. అలాగే ఫోమ్ మంట అంటుకుంటే ఆగదు. కొట్టాక ఆ షెడ్డులో వెల్డింగ్ చెయ్యకూడదని కాగితం మీద రాసి ఇవ్వు, తర్వాత ఏదైనా జరిగితే నీ మెడకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ 78 రూపాయల పని. నీ పూర్తి ఖర్చు 85 కాబట్టి 40,000 అడుగులకి 2,80,000 నష్టం అని కొట్టేయొచ్చు. కానీ ఇంకో లెక్క ఉంది. అది ఏ నెలలో చెయ్యాలి? జులై, ఆగస్టులో మిషన్ ఖాళీగా పడి ఉన్నా ఆ నెలకి 2,20,000 ఖర్చు ఎలాగూ అవుతుంది. అప్పుడు ఆ పని కోసం కొత్తగా పెట్టేది కెమికల్ 62, రోజు ఖర్చు ఏడు రూపాయల పైన, వడ్డీ, రిపేరు మూడున్నర. మొత్తం 73. ఐదు రూపాయలు వస్తాయి, 40,000 అడుగులకి రెండు లక్షలు, ఆ నెల ఖర్చులో చాలావరకు గట్టెక్కుతుంది. పైకప్పు కారకుండా, షీటు ఆరి ఉంటే లోపల పనే కాబట్టి వానాకాలంలోనూ చెయ్యొచ్చు. అయితే పది శాతం రిటెన్షన్ అంటే ఏడు రూపాయల 80 పైసలు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, నీకు వచ్చే ఐదు కంటే ఎక్కువ. ఆ షరతుతో మాత్రం ఒప్పుకోకు.

అదే పని ఫిబ్రవరి నుంచి మే మధ్యలో అయితే చెయ్యొద్దు. ఎండలకి ముందే కోళ్ల షెడ్లవాళ్లు పిలుస్తారు, గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు సరుకు దించకముందే రిపేర్లు చేయించుకుంటాయి. వాళ్లకి తేదీ ముఖ్యం, రేటు రెండోది. ఆ 22 రోజులు 78కి అమ్ముకుంటే 100 ఇచ్చేవాడిని వెనక్కి పంపాల్సి వస్తుంది.

మధ్యే మార్గం ఒకటుంది, నేనైతే అదే అడుగుతాను. కెమికల్ ఆ ఓనరునే కొనుక్కోమను, నువ్వు కిలో రేటుకి స్ప్రే చెయ్. రోజుకి 1,800 అడుగులు, అడుగుకి 270 గ్రాములు, అంటే 486 కిలోలు కొడతావు. 35,000ని దానితో భాగిస్తే కిలోకి 72 రూపాయలు నీ ఖర్చు. కిలోకి 90 చెప్పు, 85కి ఒప్పుకో. షీటు గట్లు ఎన్నున్నా, కనీసం 50 కావాలన్నా, ఎన్ని కిలోలు పడితే అన్ని కిలోలకి డబ్బు వస్తుంది, పెట్టుబడి నీది కాదు, వడ్డీ లేదు. అతనికి అనుమానం రాకుండా రోజూ సాయంత్రం ఖాళీ డ్రమ్ములు అతని మనిషి ముందే లెక్కపెట్టించు, కాటా పరీక్ష కూడా అతని ముందే చెయ్. ముందు మాత్రం ఆ మూడు సైట్ల డ్రమ్ముల లెక్క తీసి ఇక్కడే రాయి, 270 ఉందో 290 ఉందో చూసి రేటు మళ్లీ సరిచేద్దాం.